గళ్ళ నోటుపుస్తకం

నారిన్ నది గడ్డకట్టే నెలలో
నాకీ ఉద్యోగం ఇచ్చారు.
ఒక తాళంచెవి, బొగ్గు పొయ్యి, రెండు కంప్యూటర్లు
(వాటిలో ఒకటి కేవలం అలంకారం),
సొరుగులో
అంచులు టీ తాగిన గళ్ళ నోటుపుస్తకం.

పదమూడేళ్ళు ఈ లైబ్రరీలో కూర్చున్న బురుల్చా
ఎవరేం వెతుక్కుంటూ వచ్చారో,
అది ఏ వెబ్‌సైట్‌లో పుణ్యానికి దొరికిందో
నీలం సిరాతో రాసిపెట్టింది.
పొట్టి పొట్టి అక్షరాలు,
ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని.

"గొర్రె వెనక కాలు ఈడుస్తోంది. సబీర్‌బెక్.
పశువైద్య కాలేజీ వాళ్ళ పేజీ, బొమ్మలతో సహా ఉంది.
డెక్క చీలికలో చూడమన్నాను."

"బిడ్డ పుట్టిన కాగితం. ఐజార్కిన్.
నాలుగో గడి తండ్రి పేరు అడుగుతుంది.
ఖాళీగా వదిలినా ముందుకెళ్తుంది.
రెండుసార్లు చూశాను."

"డోలోన్ కనుమ మీద మంచు. లారీ వాళ్ళందరికీ.
పొద్దున ఐదింటికి మారుస్తారు.
అంతకుముందు చూసి బయల్దేరితే నన్ననొద్దు."

"వడ్డీ లెక్కగట్టేది. బ్యాంకు వాళ్ళది కాదు, ఇంకోటి.
బ్యాంకు వాళ్ళది తక్కువ చూపిస్తుంది."

కొన్నిటి మీద ఎర్ర గీత:
"మొదటి నెల ఉచితమంది. కార్డు నంబరు అడిగింది. లేచి వచ్చేశాం."
"జుట్టు మొలిపిస్తుందట.
వద్దు కెంజెబెక్, వద్దు."

బురుల్చా ఇప్పుడు తలాస్‌లో
చిక్కుళ్ళు పండిస్తోంది.
ఊరు మాత్రం ఇంకా ఆమెనే అడగడానికి వస్తుంది,
నన్ను చూసి, టోపీ సర్దుకుని,
పొయ్యి దగ్గర చేతులు కాచుకుని వెళ్ళిపోతుంది.

రెండో వారం
బస్సు డ్రైవర్ ఎసెన్‌గుల్ వచ్చాడు.
చాలాసేపు పాత పత్రికలు తిరగేశాడు, తలకిందులుగా.
అడగందే అమ్మైనా పెట్టదు, నేనేం పెడతాను?
"ఏం కావాలన్నా?" అన్నాను.
గొంతు తగ్గించి చెప్పాడు:
భార్య బిష్కెక్ ఆసుపత్రిలో మూడు నెలలుండాలట.
పిల్లకి బడి.
బడికి రెండు జడలు.

వీడియో దొరికింది, పైసా ఖర్చు లేకుండా.
తెర మీద ఎవరో అమ్మాయి నవ్వుతూ
పాయలు మూడు తీసింది.
రెండోది మొదటిదాని మీదుగా వచ్చింది.
మూడోది లేవబోతుండగా
నెట్ ఆగిపోయి
తెర మధ్య సున్నా తిరగడం మొదలైంది.
ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.
గాల్లో ఆగిన అతని వేళ్ళు,
స్టీరింగ్ తప్ప ఏదీ తిప్పని వేళ్ళు.

ఏం చెయ్యాలో తోచక నోటుపుస్తకం తీశాను.
చేజారి బోర్లా పడింది.
వెనక అట్ట నుంచి, తలకిందులుగా,
ఇంకో పుస్తకం మొదలవుతోంది.
పైన ఒకే మాట: అక్కడ దొరకనివి.

"కోముజ్ శ్రుతి: పోస్టాఫీసు కాపలావాడు.
చెవి మంచిది, నోరు చెడ్డది."
"రాజీనామా ఉత్తరం: స్కూలు వంటామె. మూడు రాసింది."
"జడ: జీపార్, వంతెన దాటాక మూడో ఇల్లు.
డబ్బు తీసుకోదు. టీ తాగేదాకా వదలదు."

చిట్టచివర, పెన్సిలుతో:
"రాత్రి నిద్ర పట్టకపోతే: నేను. కిటికీలో దీపం ఉంటుంది."
వెళ్తూ వెళ్తూ
ఆ ఒక్క వరుసనే కొట్టేసింది.
పక్కన ఒక పేరుకి సరిపడా చోటుంది.

సోమవారం బస్సు లైబ్రరీ ముందు ఆగింది.
ప్రయాణికులు గొణుగుతున్నా సరే,
ఎసెన్‌గుల్ దిగి, కూతుర్ని దింపి,
ఆ పిల్లని అటు తిప్పి నిలబెట్టాడు.
ఏమీ అనలేదు. మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు.

నేను పెన్ను కాస్త పొయ్యి దగ్గర పెట్టి
సిరా కరిగాక
జీపార్ పేరు కింద రాశాను:
"ఎసెన్‌గుల్, బస్సు డ్రైవర్.
సాయంత్రం ఆరు తర్వాత.
ఎడమ జడ కాస్త పైకొస్తుంది."